రెండు గడియల ఆట

వీడియో ఆట అనగానే పెద్దల మనస్సులో రెండు చిత్రాలు మెదలుతవి. ఒకటి తుపాకులు పేలే ఆట; రెండవది డబ్బు పోగొట్టే ఆట. రెండవదానిని గూర్చి ప్రభుత్వాలు తమ మాట చెప్పివేసినవి. 2017లో తెలంగాణమూ, 2020లో ఆంధ్రప్రదేశమూ, 2025 ఆగస్టులో పార్లమెంటూ పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ శాసనాలు చేసినవి. మొదటిదానిని గూర్చిన వాదం ప్రతి ఇంటిలోనూ, ప్రతి పాఠశాలలోనూ సాగుతూనే ఉన్నది. అయితే ఈ రెండింటికీ చెందని మూడవ జాతి ఒకటి ఉన్నదని గోపాలపట్నంలోని ఆటగాడొకడు గట్టిగా చెబుతున్నాడు.

అతడు ఉక్కునగరంలో షిఫ్టు ఉద్యోగం చేసే ముప్పదియేండ్ల యువకుడు. రాత్రి షిఫ్టు ముగించుకొని, బస్సులో ఇల్లు చేరి, స్నానం చేసి, నిద్రపట్టే లోపల అతనికి మిగిలేది గంట సేపు. ఆ గంటలో ఆరంభమై ఆ గంటలోనే ముగిసే ఆటలంటే అతనికి మక్కువ. మన పూర్వుల లెక్కలో గడియకు 24 నిమిషాలు. రెండు మూడు గడియలలో పూర్తి అయ్యే ఆటలివి. పెద్ద సంస్థల పెట్టుబడి లేకుండా, ఒక్కరో పదిమందో కలిసి సొంత పూచీ మీద వీటిని తయారుచేస్తారు. వీటిలో గెలుపు ఓటములకన్న వాతావరణానికి, అనగా వెలుతురుకూ చప్పుడుకూ నిశ్శబ్దానికీ, ప్రాధాన్యం ఎక్కువ.

ఉదాహరణకు, జేసన్ రోరర్ అనే అమెరికను 2007లో ‘పాసేజ్’ అనే ఆటను రచించాడు. దాని నిడివి ఐదే నిమిషాలు. ఒక మనిషి యౌవనంలో బయలుదేరి, నడుస్తూ నడుస్తూ ముసలివాడై, చివరకు కన్నుమూస్తాడు. దారిలో ఒక స్త్రీ ఎదురవుతుంది. ఆమెను తోడు తీసుకుంటే ఇరుకు సందులలోని నిధులు అందవు. తీసుకోకుంటే ఒంటరితనం తప్పదు. ఏది మేలో ఆట చెప్పదు. న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాల 2012లో దీనిని తన సేకరణలో చేర్చుకున్నది. అదే సంవత్సరం వచ్చిన ‘జర్నీ’లో ఎర్రని వస్త్రం ధరించిన బాటసారి ఎడారి దాటి పర్వతం వైపు సాగుతాడు. దారిలో మరొక బాటసారి తారసపడవచ్చును. అతడు ఏ దేశంలోనో ఆడుతున్న మరొక మనిషి. ఇద్దరికీ మాటలు లేవు. చిన్న నాదమొక్కటే పలకరింపు.

ఇవి ఆటలేనా అని అడిగేవారు లేకపోలేదు. ఎనిమిదవ తరగతి చదివే మేనల్లునికి ఈ యువకుడు ‘ఎ షార్ట్ హైక్’ చూపినప్పుడు, “ఇందులో చంపవలసినవాళ్లెవరూ లేరా మామయ్యా?” అని ఆ బాలుడు ఆశ్చర్యపోయాడట. 2019లో వచ్చిన ఆ ఆటలో ఒక చిన్న పక్షి, ఫోను సిగ్నలు కోసం కొండ శిఖరం ఎక్కుతుంది. ఎదురుచూసే కబురు ఏమిటో శిఖరం చేరిన తరువాతనే తెలుస్తుంది. బాలుడు శిఖరం చేరి, కబురు విని, కాసేపు మాటాడకుండా కూర్చున్నాడట.

నిజానికి అర్థాన్ని మోసే ఆట మనకు కొత్తది కాదు. వైకుంఠపాళిలో నిచ్చెనలు సుగుణాలకూ, పాములు దుర్గుణాలకూ గుర్తులు గదా! ఇక నిడివి మాటకు వస్తే, పదునెనిమిది పర్వాల భారతాన్ని తలదాల్చిన జాతియే, 1910లో గురజాడవారి ‘దిద్దుబాటు’ వెలువడినప్పుడు కొద్ది పుటల కథకూ స్థానమిచ్చింది. కథానికను పొట్టి నవల అని ఎవరూ అనరు. అటులనే చిన్న ఆట పెద్ద ఆటలో తెగిన ముక్క కాదు. దాని ధర్మం వేరు.

కాలం తినివేసే ఆట ఏది అన్న ప్రశ్నకు కూడ ఆటగాని సమాధానం వినదగినది. నాణేలు చూపి, రోజురోజూ బహుమతి పేరిట రప్పించి, ముగింపన్నది లేకుండా సాగేది కాలాన్ని తింటుంది. చిన్న ఆట ముగిసి మనలను విడిచిపెడుతుంది. ముగింపే దాని మర్యాద అని అతని అభిప్రాయం.

అట్లని చిన్నవన్నీ మంచివని అతడు వాదించడు. పొగమంచు కప్పి, పియానో వాయించి, పాడుపడిన ఇంటిలో నడిపిస్తే చాలుననుకొనేవారు చాలమంది ఉన్నారని అతని ఆక్షేపణ. మన ఆలంకారికుల భాషలో చెప్పవలెనంటే, వెన్నెల, మలయానిలం వంటివి ఉద్దీపన విభావాలు మాత్రమే. ఆలంబనం లేనిదే అవి రసాన్ని పుట్టించలేవు. టొరంటోలోని ఒక చిన్న బృందం 2023లో తెచ్చిన ‘వెన్బా’ ఇందుకు మంచి ఉదాహరణం. 1980ల నాడు కెనడా చేరిన తమిళ కుటుంబం కథ అది. చిరిగి మాసిన వంట పుస్తకం ముందు పెట్టుకొని తల్లి ఇడ్లీ మొదలుకొని వండుతుంది. ఆవిరి, తిరగమోత చప్పుడు, రేడియోలో పాట అన్నీ ఉన్నవి. కాని వాటి నడుమ భాషకు దూరమవుతున్న కొడుకు ఉన్నాడు గనుకనే ఆ ఆవిరికి అర్థం వచ్చింది. 2024లో బ్రిటిష్ అకాడమీ వారు దానిని ఉత్తమ తొలి ఆటగా సత్కరించారు. తెలుగు తల్లి వంటింటి కథ ఇట్లా ఎప్పుడు వస్తుందా అని ఈ ఆటగాడు ఎదురుచూస్తున్నాడు.

ఈ ఆటలకు పెద్ద చిక్కు బజారులోనే ఉన్నది. స్టీమ్ అనే అంగడిలో 2015 నుండి ఒక నియమం అమలులో ఉన్నది. కొన్న 14 రోజులలోగా, ఆడిన కాలం 2 గంటలు మించకుంటే, సొమ్ము తిరిగి ఇచ్చివేస్తారు. చెడ్డ సరకు కొని మోసపోయినవారికి ఇది న్యాయమే. కాని గంటన్నరలో ముగిసే ఆటను ఆసాంతం ఆడి, ఆనందించి, పిమ్మట సొమ్ము వాపసు పుచ్చుకొనేవారున్నారు. 2021లో ‘సమ్మర్ ఆఫ్ 58’ అనే ఆటను నిర్మించిన ఎమికా గేమ్స్ నిర్మాత, తన ఆటను మెచ్చినవారు సైతం ఇట్లా చేస్తున్నారని చెప్పి, ఆటల తయారీ నుండి తప్పుకుంటున్నట్లు ప్రకటించాడు. భోజనం బాగున్నదని మెచ్చి, విస్తరి ఎత్తిన తరువాత పైకం తిరిగి ఇమ్మనటం వంటిదే ఇదీ. “నియమం ఒప్పుకుంటున్నది గదా” అని మిత్రులు అంటే, “మన మనస్సు ఒప్పుకోవాలి గదా” అని ఈ యువకుని జవాబు. విద్యార్థులతో చర్చింపదగిన ధర్మసూక్ష్మమిది.

అతని మనస్సులో ఒక ఆట ఉన్నది. దానిని తయారుచేసే విద్య అతనికి లేదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, గోపాలపట్నం పక్కనున్న వెంకటాపురంలో, కర్మాగారపు తొట్టి నుండి స్టైరీన్ ఆవిరి వెలువడింది. నిద్రలోనే కొందరు, పరుగెత్తుతూ వీథులలోనే కొందరు కూలిపోయారు, పలువురు మరణించారు. ఆ తెల్లవారుజామున ఒక వీథి, ఇరువైపులా మూసిన తలుపులు, ఎవరినీ గుర్తుపట్టనీయని ఆవిరి. ఆడేవాడు చేయగలిగినది తలుపు తట్టటం ఒక్కటే. ముందు ఏ తలుపు తట్టాలి? ముసలమ్మ ఇంటిదా, పసిపిల్ల ఉన్న ఇంటిదా? మార్కులు లేవు, గెలుపు లేదు. రెండు గడియలలో తెల్లవారుతుంది.

వార్త ఎందరు మరణించినదీ చెబుతుంది. తలుపు ముందు నిలబడినవాని చేతి వణుకును చెప్పటానికి కథ కావాలి, పాట కావాలి; ఆట కూడ కావచ్చునని ఇతని నమ్మకం. దానిని ఆడి ముగించినవాడు సొమ్ము వాపసు అడుగుతాడా, లేక లేచి వెళ్లి పొరుగువారి తలుపు వైపు ఒకసారి చూస్తాడా అన్నది ఆడేవారే తేల్చవలసిన విషయం.