పాత అట్టముక్కకు వంద కోట్లా?

అమెరికా వాళ్ళకు బేస్‌బాల్ అంటే చాలా ఇష్టం. ఒకరు బంతి విసురుతారు. ఇంకొకరు గుండ్రటి కర్రతో కొట్టి పరుగెత్తుతారు. మన క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోండి.

ఆ ఆటగాళ్ళ బొమ్మలు అచ్చు వేసిన చిన్న అట్టముక్కలే బేస్‌బాల్ కార్డులు. 2022 ఆగస్టులో అటువంటి కార్డు ఒకటి వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లకు పోయింది. మన డబ్బులో సుమారు 100 కోట్ల రూపాయలు. అది బంగారు రేకు కాదు. వట్టి అట్ట. దానికి అంత ధర ఎందుకు?

ఈ కార్డులు తొలిరోజుల్లో సిగరెట్ పెట్టెల్లో వచ్చేవి. 1880ల నాటి మాట ఇది. ఆ పెట్టెలు మెత్తగా ఉండేవి. సిగరెట్లు నలిగిపోకుండా లోపల ఒక అట్ట పెట్టేవారు. ఆ అట్ట మీద ఆటగాడి బొమ్మ వేస్తే, మిగతా బొమ్మల కోసం మళ్ళీ అదే సిగరెట్ కొంటారు కదా! అదీ వ్యాపారి తెలివి. తరవాత బబుల్‌గమ్ కంపెనీలూ ఇదే పని చేశాయి. మన పల్లెల్లో పిల్లలు అగ్గిపెట్టె బొమ్మలు ఏరుకున్నట్టే, అక్కడి పిల్లలు వీటిని ఏరుకునేవారు. వెనకవైపు ఆటగాడి ఊరు, వయసు, కొట్టిన పరుగుల లెక్కలు ఉండేవి. పిల్లలు వాటిని చదివి చదివి నోటికి పట్టేవారు.

వంద కోట్లు పలికిన కార్డు 1952 నాటిది. మికీ మాంటిల్ అనే ఆటగాడిది. వేసింది టాప్స్ అనే బబుల్‌గమ్ కంపెనీ. ఆ ఏడాది ఆఖరి విడత కార్డులు ఆలస్యంగా వచ్చాయి. అప్పటికి ఆటల కాలం ముగిసిపోతోంది. కొనేవారు లేరు. పెట్టెలు గోదాములో ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. చివరికి 1960లో వాటిని పడవకెత్తించి సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీలో పనిచేసిన సై బెర్గర్ చెప్పాడు. మాంటిల్ కార్డు ఆ ఆఖరి విడతలోదే!

ఇళ్ళలో మిగిలినవీ నిలవలేదు. పిల్లలు వాటిని సైకిల్ చక్రం పుల్లలకు తగిలేలా కట్టి టకటక చప్పుడు చేసుకున్నారు. కొడుకు పెద్దవాడయ్యాక తల్లి గది ఊడ్చి అవతల పారేసింది. అలా పోగా మిగిలినవాటికే ఇప్పుడు ఇంత గిరాకీ.

ఇది తెలిసి 1980లలో జనం ఆశపడ్డారు. కొత్త కార్డులు పెట్టెలకు పెట్టెలు కొని దాచారు. కంపెనీలు కూడా లెక్కలేకుండా అచ్చు వేశాయి. ఎవరూ పారెయ్యలేదు. అందుకే వాటిలో చాలావాటికి ఇప్పుడు విలువే లేదు.

అయితే అరుదైనంత మాత్రాన ధర రాదు. కావాలనే మనిషి ఉండాలి. చిన్నప్పుడు పోగొట్టుకున్నది, చేతికి డబ్బు వచ్చాక మళ్ళీ వెతుక్కునేవారు ఎందరో. ధర కోసమే కొనేవారు వేరు. అక్కడ మోసాలూ ఉన్నాయి. హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు 1909లో సిగరెట్లతో వచ్చి త్వరగానే ఆగిపోయింది. తన బొమ్మ కోసం పిల్లలు పొగాకు కొనడం ఆయనకు నచ్చలేదని కొందరంటారు. డబ్బు దగ్గర తేడా వచ్చిందని మరికొందరంటారు. సుమారు 60 కార్డులే మిగిలాయి. వాటిలో పేరుమోసిన ఒకదాని అంచులను కొత్తగా కనబడేలా కత్తిరించానని, దాన్ని అమ్మిన వ్యాపారి 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు.

జెఫర్సన్ బర్డిక్ దారి వేరు. ఆయన సిరక్యూస్ ఊరిలో కరెంటు సామాన్ల ఫ్యాక్టరీ కార్మికుడు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయాయి. పెళ్ళి లేదు. కూలి డబ్బుతోనే కార్డులు కొని, ఏది ఎప్పటిదో, ఎవరు వేశారో రాసి పెట్టాడు. ఆయన పెట్టిన గుర్తులనే సేకరించేవారు ఈనాటికీ వాడుతున్నారు. 1947 నుంచి తన కార్డులన్నీ న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చాడు. మొత్తం 3 లక్షల పైచిలుకు. అందులో 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులే. వాగ్నర్ కార్డూ ఉంది. నొప్పి చేతులతో మ్యూజియంలో కూర్చుని అన్నిటినీ తానే ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో ఆఖరి కార్డు అంటించాడు. మార్చిలో కన్నుమూశాడు.