సున్నపు గోడకు సిమెంటు పూత

గోల్కొండ కోట బంజారా దర్వాజా దాటి కొద్ది దూరం సాగితే, 106 ఎకరాల ఆవరణంలో కుతుబ్ షాహీ సుల్తానుల గోరీలు కనిపిస్తాయి. గోరీలు, మసీదులు, మెట్లబావులు, మయ్యిత్‌కు గుసుల్ చేయించిన హమ్మామ్ అన్నీ అక్కడ ఒకేచోట ఉన్నాయి. 1518 నుండి 1687 వరకు ఏలిన ఆ వంశంలో చివరివాడైన అబుల్ హసన్ తానాషాకు మాత్రం అక్కడ చోటు దక్కలేదు. ఆయన ఖుల్దాబాదులో ఖననమయ్యారు. గోరీలపై గుమ్మటాలు కట్టడాన్ని గూర్చి ఉలమాలు చెప్పినది పాఠకులకు తెలిసినదే. ఇక్కడ మా ప్రస్తావన అది కాదు.

అక్కడికి వెళ్ళినవారి చూపు గుమ్మటాల మీదనే నిలుస్తుంది. మా చూపూ చాలాకాలం అంతే. 2013 వర్షాలకు బడీ బావోలి ఒక పక్క కూలిన తరువాత గాని నేల, నీరు అనే సంగతి మాకు తట్టలేదు. ఆ యేడే ప్రభుత్వ పురావస్తు శాఖతో కలిసి ఆగా ఖాన్ ట్రస్టు పని చేపట్టింది. అది 2024లో ముగిసింది. కూలిన బావిని రాతితో మళ్ళీ కట్టారు. పూడిక తీసిన బావులలో నేడు వాననీరు నిలుస్తుంది, ఆ నీరే తోటకు పారుతుంది. ఈ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది.

అయితే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది సున్నం. గత శతాబ్దంలో మరమ్మతు పేరిట గోడలకు పూసిన సిమెంటును పనివారు ఓపికగా ఒలిచి, డంగు సున్నం పూశారు. సున్నపు గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు దానిని లోపలే బంధిస్తుంది. లవణాలు పేరుకొని రాయి పొరలుగా రాలుతుంది. పూసినవారి సంకల్పం మంచిదే, గోడకు జరిగినది మాత్రం కీడు.

మేము విద్యార్థులను తీసుకొని వెళ్ళిన రోజున ఒక బాలుడు గోడను చేతితో తడిమి, "ఉస్తాద్, మన మసీదు గోడ కూడా ఇలాంటిదేనా?" అని అడిగాడు. మాకు వెంటనే జవాబు రాలేదు. మా మొహల్లాలోని పాత మసీదుకు నిరుడే ఒక దాత ఎంతో ప్రేమతో సిమెంటు పూత వేయించారు. ఈ వానలకు మిహ్రాబు పక్కన చెమ్మ నడుము ఎత్తుకు పాకింది. దానిపై టైల్స్ అతికిద్దామని కమిటీలో కొందరి మాట. జుమా తరువాత కూర్చొని, ఈ నెలకు ఆ పని ఆపించగలిగాము. డంగు సున్నం నూరడం తెలిసిన మేస్త్రీ కోసం ప్రస్తుతం విచారిస్తున్నాము.