ఫోను మోగితే పెద్దలకు చదివి చెప్పేదెవరు?

2023 అక్టోబరు 12న కర్ణాటకలో సెల్‌ఫోన్లు ఒక్కసారిగా పెద్ద చప్పుడుతో మోగాయి. తుపాను, భూకంపం వంటి ఆపదల్లో ప్రజలను హెచ్చరించేందుకు కేంద్ర టెలికాం శాఖ జరిపిన పరీక్ష అది. ఆ ఏడాది ఇతర రాష్ట్రాల్లోనూ ఇలాగే పరీక్షించారు.

మామూలు ఎస్.ఎమ్.ఎస్. ఒక్కో నంబరుకూ విడిగా వెళ్తుంది. ఈ హెచ్చరిక రేడియో ప్రసారంలా టవరు పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి చేరుతుంది. ఊరికి వచ్చిన చుట్టాలకూ అందుతుంది.

బెంగళూరులో మా ఇంట ముందుగా ఉలిక్కిపడింది అత్తగారే. ఆవిడకు కన్నడం మాట్లాడటం వచ్చు గాని చదవగలిగింది తెలుగే.

"ఏమిటే అమ్మాయ్ ఈ గోల?"

"ఉత్త పరీక్షే అత్తయ్యా, భయపడకండి."

పరీక్ష కనుక సరిపోయింది. 1996 నవంబరులో యానాం, కోనసీమలను, 1999 అక్టోబరులో ఒడిషాను తుపాన్లు అతలాకుతలం చేశాయి. అలాంటి రాత్రి పెద్దలు ఒంటరిగా ఉంటే?

పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడిన మనందరి ఇళ్ళలోనూ తెలుగు మాత్రమే చదవగల పెద్దలున్నారు. ఆ చప్పుడు దేనికో వారికి ఇప్పుడే వివరించండి. అది వినగానే తలుపు తట్టవలసిన పొరుగింటివారెవరో చెప్పి ఉంచండి. చిరాకుపడి ఫోనులో ఆ హెచ్చరికను మాత్రం ఆపివేయకండి.