మలబారు పిల్లలకు బడిబాట వేసిన సి.హెచ్. ముహమ్మద్ కోయా

1983 సెప్టెంబరు 28న కేరళ ఉపముఖ్యమంత్రి సి.హెచ్. ముహమ్మద్ కోయా హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు. స్వరాష్ట్రానికి దూరంగా, మన నేలపై తుదిశ్వాస విడిచిన ఆ నాయకుని పేరు తెలుగు ముస్లిం కుటుంబాలలో చాలామందికి నేటికీ తెలియదు. కేరళలో మాత్రం ఆయన పూర్తి పేరు చెప్పనక్కరలేదు. 'సి.హెచ్.' అంటే చాలు, మలబారు పల్లెలలోని వృద్ధులు ఎవరి గురించి మాట్లాడుతున్నారో గ్రహిస్తారు. శాసనసభ్యుడు, సభాపతి, విద్యామంత్రి, హోంమంత్రి, కొద్ది వారాలపాటు ముఖ్యమంత్రి — ఇన్ని పదవులు నిర్వహించిన ఆ వ్యక్తిని ప్రజలు గుర్తుంచుకున్నది ముఖ్యంగా ఒక్క కారణానికే. బడి ముఖం చూడని ఒక సముదాయపు పిల్లలను బడికి చేర్చడానికి ఆయన తన అధికారాన్ని వినియోగించారు.

బడికి దూరమైన సముదాయం

నేటి కేరళను చూసినవారికి ఒకనాటి మలబారును ఊహించడం కష్టం. 1956 వరకు మలబారు మద్రాసు రాష్ట్రంలో ఒక జిల్లా. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా 1953 వరకు ఆ రాష్ట్రంలోనివే. మలబారు ముస్లిములైన మాపిళ్లలు అధికంగా కౌలురైతులు, కూలీలు, చిరువ్యాపారులు. 1921 నాటి తిరుగుబాటు, దానిని అణచివేయడానికి ఆంగ్ల ప్రభుత్వం సాగించిన దమనకాండ ఆ సముదాయాన్ని ఆర్థికంగానూ మానసికంగానూ కుంగదీశాయి. ప్రభుత్వ పాఠశాల అంటే పరాయి పాలకుల చదువు అన్న భావం అంతకుముందే ఉంది. 1921 తరువాత అది మరింత గట్టిపడింది.

అలాగని మాపిళ్లలు అక్షరజ్ఞానం లేనివారని అనుకోరాదు. మలయాళ భాషను అరబీ లిపిలో వ్రాసే 'అరబీ మలయాళం' వారికి ఉండేది. అందులో గ్రంథాలు వెలువడేవి, స్త్రీలు సైతం ఇళ్లలో వాటిని చదువుకునేవారు. కానీ ఆ లిపి తెలిసినంత మాత్రాన కచేరీలో అర్జీ వ్రాయడానికి గాని, ఉద్యోగం పొందడానికి గాని, న్యాయస్థానపు తాఖీదు చదవడానికి గాని వీలుండేది కాదు. చదువు ఉండికూడా లోకవ్యవహారంలో నిరక్షరాస్యులుగా మిగిలిపోయిన దుస్థితి అది.

ఈ పరిస్థితిని మార్చాలని తపించిన సంస్కర్తలు సి.హెచ్.కు పూర్వమే ఉన్నారు. తిరువాన్కూరులో వక్కం అబ్దుల్ ఖాదిర్ మౌల్వీ ముస్లిం బాలబాలికల ఆధునిక విద్యకోసం కలం పట్టారు. మలబారులో చాలిలకత్తు కుంజహమ్మద్ హాజీ మద్రసాలలో బోధనా పద్ధతిని సంస్కరించారు. 1948లో కోళిక్కోడ్ సమీపాన ఫారూఖ్ కళాశాల వెలసింది. ఈ పెద్దలు దున్ని సిద్ధం చేసిన నేలలోనే సి.హెచ్. విత్తనం నాటారు.

అత్తోలి నుండి శాసనసభకు

1927 జూలై 15న కోళిక్కోడ్ సమీపంలోని అత్తోలి గ్రామంలో ఒక సామాన్య కుటుంబంలో సి.హెచ్. జన్మించారు. తండ్రి అలీ ముస్లియార్ ధార్మిక విద్య నేర్చినవారు. విద్యార్థి దశలోనే ప్రజాజీవితంలోకి వచ్చిన సి.హెచ్. తరువాత 'చంద్రిక' దినపత్రికకు సంపాదకులయ్యారు. వక్తగా, యాత్రా రచయితగా పేరు తెచ్చుకున్నారు. పత్రికా రచన ఆయనకు ఒక సత్యాన్ని నేర్పి ఉండాలి: చదువరులే లేనిచోట ఎంత గొప్ప వ్యాసమైనా వ్యర్థమే.

1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించిన రోజునే, కేరళ రాష్ట్రం కూడా ఏర్పడింది. మరుసటి సంవత్సరం జరిగిన తొలి ఎన్నికలలో సి.హెచ్. శాసనసభకు ఎన్నికయ్యారు. 1961లో సభాపతి కె.ఎం. సీతి సాహిబ్ పదవిలో ఉండగానే మరణించినప్పుడు ఆ స్థానం సి.హెచ్.కు లభించింది. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు నిండలేదు. 1962లో లోక్‌సభకు వెళ్లి, 1967లో తిరిగి రాష్ట్ర రాజకీయాలలోకి వచ్చి, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ మంత్రివర్గంలో విద్యాశాఖ చేపట్టారు. తరువాత అచ్యుత మేనన్ మంత్రివర్గంలోనూ విద్యామంత్రిగా కొనసాగారు. సంకీర్ణ ప్రభుత్వాలలో చిన్న పక్షాలు సాధారణంగా ఆదాయం, ఆర్భాటం గల శాఖలను కోరుకుంటాయి. విద్యాశాఖ చేతికి వస్తే ఒక తరం తలరాతను మార్చవచ్చునని ఆయన నిరూపించారు.

మూడు తలుపులు

సి.హెచ్. కాలంలో జరిగిన పనులలో మూడింటిని ప్రత్యేకంగా పేర్కొనాలి. 

మొదటిది, ప్రభుత్వ పాఠశాలలలో అరబీ బోధన విస్తరించడం, అరబీ ఉపాధ్యాయులకు స్థానం, గౌరవం కల్పించడం. పైకి ఇది ఒక భాషకు సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. దాని ఫలితం వేరు. బడికి పంపితే పిల్లలు ధర్మానికి దూరమవుతారని భయపడిన తల్లిదండ్రులకు అదే బడిలో అరబీ నేర్పే ఉస్తాద్ కనిపించాడు. అక్కడే గణితం, మలయాళం, ఆంగ్లం కూడా ఉన్నాయి. అరబీ కోసం వచ్చిన పిల్లవాడు మిగిలిన చదువునూ అందుకున్నాడు. కాలక్రమంలో ఎందరో ముస్లిం స్త్రీలు అరబీ ఉపాధ్యాయినులై ప్రభుత్వోద్యోగంలో చేరారు. కూతురు చదివితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఊరిలోనే సజీవమైన సమాధానం దొరికింది.

రెండవది, ముస్లిం బాలికలకు విద్యార్థి వేతనాలు. పేదింట్లో పదేళ్ల ఆడపిల్ల బడికి వెళ్లడమంటే తమ్ముణ్ణి ఎత్తుకునే చేతులు, వంటింటికి సాయపడే చేతులు పోవడమే. ఆ లోటుకు పరిహారంగా చిన్న మొత్తమైనా ఇంటికి అందితే తల్లి మనసు బడివైపు మొగ్గుతుంది. నేడు కేరళ ప్రభుత్వం అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థినులకు ఇస్తున్న ఒక వేతనానికి సి.హెచ్. ముహమ్మద్ కోయా పేరే పెట్టడం సముచితం.

మూడవది, 1968లో కాలికట్ విశ్వవిద్యాలయ స్థాపన. అంతవరకు ఉత్తర కేరళ కళాశాలలకు విశ్వవిద్యాలయమంటే సుమారు 400 కిలోమీటర్ల దూరాన ఉన్న తిరువనంతపురమే. కొత్త విశ్వవిద్యాలయం తేన్హిపాలంలో, వెనుకబడిన పల్లెల నడుమ వెలసింది. పై చదువు దగ్గరకు వస్తే క్రింది చదువుకు అర్థం ఏర్పడుతుంది. పదవ తరగతి తరువాత దారి కనిపించినప్పుడే తండ్రి తన బిడ్డను పదవ తరగతి దాకా చదివిస్తాడు.

1969లో మలప్పురం జిల్లా ఏర్పడినప్పుడు, విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు విమర్శలు వచ్చాయి. ఇదంతా ఓట్ల రాజకీయమని కొందరన్నారు. రాజకీయ ప్రయోజనం లేదని చెప్పలేము. అయితే ఆ విశ్వవిద్యాలయంలో అన్ని మతాల విద్యార్థులూ చదివారు, చదువుతున్నారు. ఆ వాస్తవం కంటే బలమైన జవాబు మరొకటి లేదు.

ఒక భాష కోసం ప్రాణాలు

విద్య కోసం మేలుకొన్న సముదాయం దానిని కాపాడుకోవడానికీ సిద్ధపడింది. 1980లో, సి.హెచ్. పక్షం అధికారంలో లేనప్పుడు, పాఠశాలలలో అరబీ మొదలైన భాషల బోధనకు అప్పటి ప్రభుత్వం కొత్త షరతులు విధించింది. జూలై 30న మలప్పురంలో జరిగిన నిరసనపై పోలీసులు కాల్పులు జరపగా ముగ్గురు యువకులు మరణించారు. తరువాత ప్రభుత్వం వెనుకకు తగ్గింది. రెండు తరాల క్రితం ప్రభుత్వ బడిని అనుమానించిన సముదాయం, అదే బడిలో తమ పిల్లలు నేర్చే పాఠం పోరాదని వీధికెక్కడం చరిత్రలో ఎంతటి మార్పో ఆలోచించండి.

కృషి ఒక్కరిది కాదు

ఇదంతా ఒక్క మనిషి సాధించిన అద్భుతమని చెబితే సత్యానికి అన్యాయం చేసినవారమవుతాము. తిరువాన్కూరు, కొచ్చి సంస్థానాల పాఠశాలలు, క్రైస్తవ మిషనరీల సేవ, గ్రంథాలయోద్యమం, వామపక్ష ఉద్యమాలు కేరళ చదువుకు పునాదులు వేశాయి. 1964లో డాక్టర్ పి.కె. అబ్దుల్ గఫూర్ స్థాపించిన ముస్లిం విద్యా సంఘం అనేక కళాశాలలు నడిపింది. 1970ల నుండి గల్ఫ్ దేశాల సంపాదన ఇళ్లకు చేరింది. ధార్మిక పండితుల పాత్ర కూడా తక్కువది కాదు. కేరళలో అధిక భాగం మద్రసాలు ఉదయం పూట, బడి గంటకు ముందే పాఠాలు ముగిస్తాయి. దీన్ చదువు కావాలంటే బడి మానాలన్న సంకటం అక్కడి పిల్లవానికి లేదు.

ఫలితం అంకెలలో కనిపిస్తుంది. 1991 ఏప్రిల్ 18న కేరళ సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్లు కోళిక్కోడ్‌లోని మానాంచిర మైదానంలో ప్రకటించారు. ఆ ప్రకటన చేసినది మంత్రి కాదు. మలప్పురం జిల్లాకు చెందిన, పెద్ద వయస్సులో అక్షరాలు దిద్దిన చేలక్కోడన్ ఆయిషా అనే ముస్లిం మహిళ. సి.హెచ్. ఆ దినం చూడలేదు. 2001 జనగణనలో దేశవ్యాప్తంగా ముస్లిముల అక్షరాస్యత 59.1 శాతం కాగా, కేరళ ముస్లిములలో అది 89.4 శాతం. 2011 నాటికి మలప్పురం జిల్లా అక్షరాస్యత 93 శాతం దాటింది.

మన ఇంటి గడప వద్ద

ఈ చరిత్ర మనకెందుకు? చట్టసభ చేయగల పని, ఇల్లు చేయవలసిన పని రెండూ ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి గనుక. 2007 నుండి మన ప్రాంతంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు విద్యలో 4 శాతం రిజర్వేషన్ ఉంది. తెలంగాణలో 2016 నుండి మైనారిటీ గురుకులాలు నడుస్తున్నాయి. తలుపులు కొంతవరకు తెరుచుకున్నాయి. కానీ మెకానిక్ షెడ్డులో, బట్టల దుకాణంలో, బీడీల చాట ముందు బడి ఈడు పిల్లలు మన కళ్ల ముందే కనిపిస్తున్నారు. పదవ తరగతి కాగానే సంబంధం చూసే తొందర అనేక ఇళ్లలో ఇంకా తగ్గలేదు.

బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలకు వ్రాయడం, చదవడం నేర్పితే, దానినే విడుదలకు పరిహారంగా దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వీకరించారని మనం గర్వంగా చెప్పుకుంటాము. పిల్లల అక్షరాలకు అంతటి వెల కట్టిన సంప్రదాయానికి వారసులమైన మనం, ఒక నెల జీతానికి ఆశపడి బిడ్డ పుస్తకం మూయించడం న్యాయమా?

ఓటు అడగడానికి వచ్చే నాయకుణ్ణి మనం శ్మశానవాటిక ప్రహరీ గురించి, షాదీఖానా గురించి అడుగుతాము. అవీ అవసరమే. వాటితోపాటు మన వీధి బడిలో ఎందరు ఉపాధ్యాయులున్నారో, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉందో లేదో, విద్యార్థి వేతనం ఎందుకు ఆలస్యమవుతున్నదో కూడా అడగాలి. మస్జిద్ కమిటీలు మద్రసా వేళలను బడి వేళలకు అనుగుణంగా అమర్చుకోవాలి. జుమా నమాజు తరువాత పదినిమిషాలు కూర్చుని, మహల్లాలో బడి మానిన పిల్లల పేర్లు వ్రాసుకుంటే చాలు, పని మొదలైనట్లే. ఆ జాబితాలో మొదటి పేరు గల ఇంటికి ఈ వారమే ఇద్దరు పెద్దలు వెళ్లాలి.