దొర పెట్టిన బడి.. దేశభక్తులకు ఒడి

శంషాబాద్‌లో విమానం దిగి ఔటర్ రింగ్‌రోడ్డు మీదుగా పెద్దఅంబర్‌పేట చేరి, విజయవాడ హైవే ఎక్కారనుకోండి. మధ్యాహ్నం బయల్దేరినా రాత్రి భోజనానికి బందరులో ఉండొచ్చు. హైవే కూడా అక్కడితో ఆఖరు. ఆ తర్వాత సముద్రమే!

1841లో రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ ఇంగ్లండు నుంచి వచ్చింది సముద్రం మీదే. నెలల తరబడి ఓడ ప్రయాణం. కేంబ్రిడ్జిలో చదువుకున్న మతబోధకుడాయన. వెంట హెన్రీ వాట్సన్ ఫాక్స్. చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్లను తెలుగునాటకు పంపింది. ఇద్దరూ పని పంచుకున్నారు. ఊళ్లు తిరిగి బోధించడం ఫాక్స్ వంతు, బడి నడపడం నోబుల్ వంతు. తీరా 1843 నవంబరులో బడి తెరిస్తే చేరింది ఇద్దరంటే ఇద్దరే పిల్లలు!

ఇక్కడో చేదు నిజం చెప్పుకోవాలి. నోబుల్ మొదట్లో అగ్రవర్ణాల పిల్లల్నే చేర్చుకున్నారు. పెద్ద కులాలవారు మారితే మిగతావారూ వాళ్ల వెంటే వస్తారని ఆయన లెక్క. బడుగుల పిల్లలు మాత్రం గడప బయటే ఉండిపోయారు. అందరూ సమానమని బోధించే మతం పెట్టిన బడిలో ఇదేం పద్ధతని ఆ రోజుల్లోనే విమర్శలు వచ్చాయి. న్యాయమైన విమర్శలే.

1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించేశారు. నిన్నటిదాకా కళకళలాడిన తరగతులు ఒక్కసారిగా బోసిపోయాయి. అయినా నోబుల్ బడి మూసేయలేదు. కాలం గడిచేకొద్దీ కోపాలు చల్లారి పిల్లలు మళ్లీ వచ్చారు. మతం మీద ఎంత అనుమానమున్నా, ఇంగ్లిషు చదువు మీద ఆశ తక్కువది కాదు మరి!

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచేసింది. సుమారు 30 వేల మంది చనిపోయారు. ఏడాది తిరక్కుండానే, 1865 అక్టోబరులో నోబుల్ కూడా బందరులోనే కన్నుమూశారు. తెలుగుగడ్డ మీదికి వచ్చిన ఆ 24 ఏళ్లలో ఒక్కసారి కూడా ఆయన సొంతూరు వెళ్లలేదు. బడి కళాశాలగా ఎదిగి, ఆయన పేరే పెట్టుకుంది.

అసలు కథ ఇక్కడి నుంచే. చర్చి వాళ్ల కళాశాలలో పాఠాలు చెప్పడానికి బ్రహ్మసమాజికుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు వచ్చారు. తర్వాత సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వెళ్లింది ఈయనే. బందరులో ఆయన శిష్యుల్లో ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు ఉన్నారు. నోబుల్ బెంచీల మీద కూర్చున్న ఆ కుర్రాళ్లే వందేమాతరం రోజుల్లో ఎదురు తిరిగారు. ముట్నూరి 'కృష్ణాపత్రిక' సంపాదకులయ్యారు. 1910లో, భోగరాజు పట్టాభి సీతారామయ్యతో కలిసి అదే ఊళ్లో ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. దాని భారమంతా భుజాన వేసుకున్నది కోపల్లె.

అక్కడ పుస్తకాలొక్కటే కాదు, చేతిపనులూ నేర్పారు. బొమ్మలు వేయడం నేర్పడానికి బెంగాల్ నుంచి ప్రమోద్‌కుమార్ ఛటర్జీని రప్పించారు. కొన్నేళ్ల తర్వాత అడివి బాపిరాజు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. దొర చదువుకు పోటీగా పుట్టిన కళాశాల అది. పుట్టించిన వాళ్లకు అక్షరాలు దిద్దించింది మాత్రం దొర బడే!