పంపినవారికే ఎదురు తిరిగిన ఫ్యాక్స్

సరుకు తీసుకున్న వ్యాపారి ఇచ్చిన చెక్కు బ్యాంకులో చెల్లక తిరిగి వస్తే, పల్లెలో రైతు ముందుగా పెద్దమనుషుల దగ్గర పంచాయితీ పెట్టిస్తాడు. వాయిదాల మీద వాయిదాలు గడిచాక గానీ ప్లీడరు గుమ్మం ఎక్కడు. అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఎంత డబ్బు రావాలన్నది కాదు. చెక్కు తిరిగి వచ్చిన సంగతి బ్యాంకు ఎప్పుడు చెప్పింది, నోటీసు ఇచ్చారా, ఇస్తే అది అవతలివాడికి ఏ తేదీన అందింది, అందినట్లు రుజువేమిటి అని. న్యాయం తమవైపు వున్నా ఈ చివరి ప్రశ్నకు జవాబు లేక కేసులు పోగొట్టుకున్నవారు వున్నారు.

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షను 1989 ఏప్రిల్ 1 నుంచి అమలులో వుంది. దాని ప్రకారం, చెక్కు చెల్లలేదని బ్యాంకు తెలిపిన 30 రోజుల లోపల చెక్కు ఇచ్చినవాడికి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందిన నాటి నుంచి 15 రోజులలో అతడు డబ్బు కట్టాలి. కట్టకపోతే ఆ తరువాత నెల రోజుల లోపల కోర్టులో ఫిర్యాదు వేయాలి. నేరం రుజువైతే రెండేళ్ళ వరకు జైలు గానీ, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. చిక్కంతా "అందిన నాటి నుంచి" అన్న మాటలో వుంది.

బెంగుళూరు కేసు

ఈ మాట విలువ ఎంతో బెంగుళూరుకు చెందిన ఒక పట్టు ఎగుమతి సంస్థకు అనుభవంలోకి వచ్చింది. తమకు వచ్చిన చెక్కులు చెల్లకపోవడంతో ఆ సంస్థ 1996 జూన్ 11న అవతలి కంపెనీకి ఫ్యాక్సు ద్వారా నోటీసు పంపింది. ఎందుకైనా మంచిదని మరునాడు అదే నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపింది. పోస్టులో వెళ్ళిన నోటీసు జూన్ 25న అందింది. ఆ తేదీ నుంచి రోజులు లెక్క కట్టుకుని ఆగస్టు 8న ఫిర్యాదు దాఖలు చేశారు. పోస్టు లెక్కన అయితే గడువు మిగిలే వుంది.

కానీ అవతలి పక్షం వేరే లెక్క చెప్పింది. ఫ్యాక్సు జూన్ 11నే అందింది కదా, 15 రోజులు జూన్ 26తో అయిపోయాయి, ఆపైన నెల జూలై 26తో అయిపోయింది, ఆగస్టులో వేసిన ఫిర్యాదు చెల్లదు అని. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. నోటీసు రాతపూర్వకంగా వుండాలని చట్టం చెప్పిందే గానీ ఏ దారిన పంపాలో చెప్పలేదని, ఫ్యాక్సు కూడా రాతపూర్వకమైన నోటీసేనని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫిర్యాదు గడువు దాటిందని కొట్టివేసింది. సిల్ ఇంపోర్ట్ కేసుగా న్యాయవాదులందరికీ ఇది తెలుసు. నోటీసు అందలేదని ఎగవేతదారులు వాదించడం మామూలే. ఇక్కడ మాత్రం ముందే అందిందని వాదించి గెలిచారు!

ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారాన్ని 2002 సవరణ ద్వారా కోర్టులకు ఇచ్చారు. అయితే అది హక్కు కాదు, కోర్టు దయ. కనుక ఒకే నోటీసును రెండు మూడు దారుల్లో పంపినవారు అన్నిటికంటే ముందు అందిన తేదీ నుంచే రోజులు లెక్క పెట్టుకోవడం క్షేమం.

చీటీ ఏమి చెబుతుంది?

ఫ్యాక్సు పంపగానే యంత్రం ఒక చీటీ ముద్రిస్తుంది. ఏ నంబరుకు, ఏ తేదీన, ఏ గంటకు, ఎన్ని పేజీలు వెళ్ళాయి, చేరాయా లేదా అన్నవి అందులో వుంటాయి. 1990లలో ఎస్.టి.డి. బూతుల్లో ఫ్యాక్సు పంపినవారు ఈ చీటీని పోస్టు రసీదుతో సమానంగా దాచుకునేవారు. ఈ యంత్రం నుంచి ఆ యంత్రానికి కాగితం నకలు వెళ్ళిందని చీటీ చెబుతుంది. దాన్ని ఎవరు తీసుకున్నారో, చదివారో లేదో చెప్పదు. యంత్రంలో గడియారం తప్పుగా పెట్టి వుంటే తేదీ కూడా తప్పే పడుతుంది. వేడికి నల్లబడే రకం కాగితం మీద అచ్చయిన చీటీ కొంతకాలానికి తెల్లకాగితంలా వెలిసిపోతుంది. తెలిసినవారు వెంటనే జిరాక్సు తీయించుకునేవారు.

తపాలా విషయంలో రైతులకు ఊరటనిచ్చే తీర్పు ఒకటి వుంది. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన నోటీసు "తీసుకోలేదు", "తలుపు తాళం వేసి వుంది", "ఊళ్ళో లేరు" అన్న రాతతో తిరిగి వచ్చినా అందినట్లే భావించవచ్చునని అలవి హాజీ కేసులో 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. నిజంగా అందలేదనేవాడు కోర్టు సమను అందిన 15 రోజులలో డబ్బు కట్టి బయటపడవచ్చు. కనుక తిరిగి వచ్చిన కవరును చించకుండా, పోస్ట్‌మన్ రాతతో సహా అలాగే ప్లీడరుకు అప్పగించాలి.

పాత దారులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ 2011లో పోయింది. టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇప్పుడు స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, అందినట్లు రుజువు అదనంగా కోరవలసి వుంటుంది. కౌంటరులో నోరు తెరిచి అడగకపోతే మామూలు స్పీడ్ పోస్టే వెళుతుంది.

ఫ్యాక్సు చోటును వాట్సాప్ ఆక్రమించింది. కోవిడ్ కాలంలో, 2020 జూలైలో, ఈమెయిల్, ఫ్యాక్సులతో పాటు వాట్సాప్ ద్వారా కూడా నోటీసులు పంపడాన్ని సుప్రీంకోర్టు అనుమతించింది. అయితే విచారణకు హాజరు కమ్మని పోలీసులు ఇచ్చే నోటీసులకు వాట్సాప్ చాలదని 2025 జనవరిలో అదే కోర్టు స్పష్టం చేసింది. ఫోనులో కనిపించే రెండు టిక్కులు ఫ్యాక్సు చీటీ వంటివే. ఫోను చేరినట్లు చెబుతాయి, మనిషి సంగతి చెప్పవు. వాటి ప్రింటును సాక్ష్యంగా పెట్టాలంటే, 2024 జూలై 1 నుంచి అమలులో వున్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షను కింద ధృవీకరణ పత్రం జతపరచాలి. ఫోను మార్చినా, సందేశాలు చెరిపేసినా అసలుకే మోసం.

బ్యాంకు ఇచ్చిన మెమో, నోటీసు నకలు, పోస్టు రసీదు, అందినట్లు సంతకం పడిన కార్డు లేదా ట్రాకింగ్ ప్రింటు ఒకే చోట వుంచుకుంటే ప్లీడరుకు లెక్క చూడడానికి పది నిమిషాలు చాలు. ఫీజు ఇచ్చుకోలేనివారికి, స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసినా వివరాలు చెబుతారు.