గోడ క్యాలెండర్ చెప్పే పాఠం

తెలుగింటి గోడ క్యాలెండర్‌లో తిథి, వర్జ్యం పక్కనే పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు, చీటీ వాయిదా కనిపిస్తాయి. పని, తేదీ, రోజూ కళ్లబడే చోటు ఒక్కటి కావడమే దాని బలం. ఫోనులో ఈ మూడూ విడిపోయాయి. గొలుగొండ లాంటి ఊళ్లో రైతు, సాగు చేసిన పంటను ప్రభుత్వ రికార్డులో ఎక్కించే ఇ-పంట నమోదు గడువును ఒక యాప్‌లో రాసుకుంటే, క్యాలెండర్‌కు ఆ సంగతి తెలియకపోవచ్చు. తెరవని జాబితా ఎవరికీ గుర్తుచేయదు. సాంకేతికంగా దారి లేక కాదు: 1998 నాటి ఐక్యాలెండర్ ప్రమాణంలోనే కార్యక్రమాలతో పాటు చేయాల్సిన పనులకూ చోటుంది. గూగుల్ 2023లో తన క్యాలెండర్ రిమైండర్లను టాస్క్స్‌లో కలిపింది. ఆపిల్ 2024లో ఐఓఎస్ 18తో రిమైండర్లను క్యాలెండర్‌లో చూపడం మొదలుపెట్టింది.

అన్నీ ఒకచోట చేరితే గందరగోళమేగా అన్నది న్యాయమైన సందేహం. అందుకే హోమ్ స్క్రీన్ మీద ఈరోజు పనులే, అవీ మూడు నాలుగే కనిపించాలి. మిగతావి తమ తేదీ దాకా క్యాలెండర్‌లో ఆగాలి. జాబితా పక్కవాళ్ల కంట పడుతుందనుకుంటే లాక్ స్క్రీన్ మీద వివరాలు దాచే వీలుండాలి. సిగ్నల్ అందని మన్యం అంచు ఊళ్లలో నెట్ లేకున్నా జాబితా తెరుచుకోవాలి, తెలుగులో రాసిన తేదీని గుర్తించాలి. గోడ క్యాలెండర్‌కు కరెంటు కూడా అక్కర్లేదు; ఫోను కనీసం అంత నమ్మకాన్ని సంపాదించుకోవాలి.